దోసకాయ బంతి, నా విజిల్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా "మీ సర్వీసులో మీరు సాధించిందేమిటమ్మా?" అని అడుగుతుంటారు. సాధించినదాని గురించి చెప్పాలంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆడపిల్లల హాస్టళ్ళు చూశాను. ఎవరినీ పాము కరవలేదు, ఎవరూ బావిలో పడలేదు. నేను మీకు చెప్పదలచుకున్నది నేను చేసిన ఒక పొరపాటు. మొదట్లో మీకు నవ్వొస్తుంది. నవ్వండి, అప్పుడు నేనూ నవ్వాను.

నిజాం రాజ్యం పోయి ఏడాది దాటింది. సూర్యాపేటలో మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరాను. నాకు ఇరవై రెండేళ్ళు. మా నాన్న మిషను దవాఖానలో కట్లు కట్టే పని చేసేవాడు కనుక నేను పుట్టి పెరిగిందంతా ఆ కాంపౌండు గోడ లోపలే. పల్లె అంటే బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప ఒక్క రాత్రి ఉండి ఎరగను. జిల్లా అంతా అట్టుడికిపోయిన ఆ రెండేళ్ళూ బెజవాడలో టీచరు ట్రైనింగులో ఉన్నాను. ఇక్కడి జనం ఏం చూశారో నేను చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

మా బడినీ హాస్టలునూ చూసే దొరసానమ్మ ఆ ఏడే అమెరికా నుంచి సెలవు ముగించుకుని వచ్చింది. ఆమె ట్రంకుపెట్టెలో మందుసీసాలు, బొమ్మల పుస్తకాలు, వాటి అడుగున ఒక తోలు బంతి. గుండ్రంగా లేదు. కోలగా ఉండి రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి. పిల్లలు చూడగానే "దోసకాయ" అన్నారు. ఆ పేరే స్థిరపడింది. యుద్ధం రోజుల్లో వాళ్ళ ఊరి మగపిల్లలంతా పటాలంలో చేరిపోతే, ఆడపిల్లలే జట్లు కట్టి మగవాళ్ళ ఆట ఆడారట. ఈమె కూడా ఆడిందట. పేరుకు ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ. బంతిని చంకలో ఇరికించుకుని అవతలి గీత దాకా పరుగెత్తాలి. అవతలి జట్టువాళ్ళు ఆ పిల్ల మీద పడి నడుమో కాళ్ళో పట్టుకుని కింద పడెయ్యాలి. పడెయ్యగానే విజిల్. విజిల్ వినగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. అంతకు మించి ఆ ఆట రూల్సు నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియవు.

మొదటి రోజు ఆట చూడటానికి గీత పక్కన నిలబడ్డాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఓణీలు నడుముకు బిగించి, లంగాలు గోచీ పెట్టి, ధబీధబీమని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మోచేతులు దోక్కుపోతున్నాయి, జడలు ఊడిపోతున్నాయి. మధ్యలో దొరసానమ్మ ఎగురుతోంది. ఆమె తెలుగంతా బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "పరుగెత్తుము! పట్టుకొనుము! పడవేయుము!" అని ఆమె అరుస్తుంటే పిల్లలు ఆ మాటలకే సగం నవ్వి పడిపోయేవారు. భయంగా నిలబడ్డ నన్ను చూసి "చింతింపకుము. ఇది మిగుల ఆరోగ్యకరమైన క్రీడ" అంది.

వంట చేసే ఆయమ్మ మాత్రం గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏందమ్మా గిది? రేపు ఒకదాని చెయ్యి ఇరిగితే ఏం జేస్తరు?"

"పక్కనే దవాఖాన ఉన్నది గద ఆయమ్మా."

"దవాఖానోళ్ళు చెయ్యి అతికిస్తరు. పేరు పోతే పేరు అతికిస్తరా?" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. అయినా రోజూ సాయంత్రం ఆట వేళకు గడప మీద కూర్చుని చూసేది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

రెండో వారంలో బంతి కుట్లు ఊడిపోయాయి. బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పంపాను. మూడు రోజుల తర్వాత ఆయనే స్వయంగా తెచ్చాడు. "అమ్మా, ఎవడో చాతగానోడు కుట్టిండు దీన్ని. వంకరంత తీసేసిన. ఇగ సూడు, ఎంత గుండ్రంగున్నదో!" అన్నాడు గర్వంగా. దొరసానమ్మ ముఖం మీరు చూడాల్సింది. మళ్ళీ వంకరగా కుట్టమంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి, చదువుకున్నోళ్ళకు మతి ఉండదని గొణుక్కుంటూ తీసుకుపోయాడు.

ఆ జట్టులో ఒక పిల్ల ఉండేది. మోతె దగ్గర ఒక పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. పద్నాలుగేళ్ళుంటాయి. రిజిస్టరులో తండ్రి పేరు పక్కన "లేడు" అని రాసి ఉంది. ఎందుకు లేడు అని నేను అడగలేదు. నోట్లో నాలుక లేని పిల్ల. లెక్కల్లో మాత్రం చురుకు. ఆటలో దిగితే ఇంకో మనిషి. అందరూ నడుము పట్టుకుని వేలాడుతుంటే ఈ పిల్ల వంగి, పరుగెత్తేవాళ్ళ మడమ పైన పట్టి ఒక్కసారి పైకి లేపేది. ఎంత లావు పిల్లైనా బొక్కబోర్లా పడాల్సిందే.

"ఎవరు నేర్పిన్రే నీకిది?" అని అడిగాను.

"బొచ్చు కత్తిరించేటప్పుడు గొర్లను గిట్లనే పడతం టీచరమ్మా. ఎనక కాలు దొరికితె ఎంత పెద్ద పొట్టేలైన పడతది."

ఇక విజిల్ సంగతి. మా బడిలో అంతకు ముందు విజిల్ లేదు. గంటకు రైలుపట్టా ముక్క, డ్రిల్లుకు నా గొంతు. పిల్లలకు ఆట కాస్త పట్టుబడ్డాక ఒకనాడు, దొరసానమ్మ అమెరికా నుంచి తెచ్చిన నికెల్ విజిల్‌ను నా మెడలో వేసింది. ఆ రోజు మొదటిసారి ఊదాను. ఊదీ ఊదకముందే ఈ పిల్ల, ఇంకో ముగ్గురు పల్లెటూరి పిల్లలు నేల మీద బోర్లా పడిపోయారు. ముఖం మట్టిలో పెట్టి, చేతులు ముందుకు చాపి, కదలకుండా. మిగతావాళ్ళు నిలబడి దిక్కులు చూస్తున్నారు.

నాకెంత సంతోషమో! ఆగమంటే ఇట్లా ఆగాలి అనుకున్నాను. "ఈ నలుగురిని చూసి నేర్చుకోండి. విజిల్ పడంగనే అందరు ఇట్లనే పడాలె" అన్నాను. ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొగిడితే సిగ్గుపడ్డారనుకున్నాను. పది రోజుల్లో జట్టంతా నేర్చుకుంది. నేను విజిల్ ఊదితే పదకొండు మందీ ఒక్కసారిగా నేల కరిచేవారు. సూర్యాపేట బజారు పిల్లలైతే పడి, మట్టిలో ముఖం పెట్టుకుని కిలకిలా నవ్వేవారు. దొరసానమ్మ ఆశ్చర్యపోయి "మా దేశమునందు ఇట్టి క్రమశిక్షణ నేను చూడలేదు" అంది. ఈ సంగతి వాళ్ళ వాళ్ళకు ఉత్తరం కూడా రాసింది. నా కాళ్ళు భూమ్మీద ఆనలేదంటే నమ్మండి.

కార్తీకం వెళ్ళాక, గొర్రెలు కాసే ఇంటి ఆ పిల్ల తల్లి వచ్చింది. బక్కపలుచటి మనిషి, భుజాన గొంగడి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లను తీస్కపోత పంతులమ్మా. మంద ఎనక తిరగ నాతోటి అయితలేదు. నేనొక్కదాన్నే."

ఆ పిల్ల ఈ ఏడాది పరీక్ష పాసైతే దవాఖానలో నర్సు ట్రైనింగుకు తీసుకుంటానని దొరసానమ్మ మాటిచ్చింది. నాలుగు నెలలు ఆగితే ఆ పిల్ల బతుకే మారిపోతుంది. అదంతా చెప్పాను. ఆమెకు ఎక్కలేదు.

"అక్కా, ఒక్క మాట ఇను. కోదాడల పంటకూటాలు అయితయి. మా పిల్లలు ఆట ఆడతరు. వచ్చి నీ బిడ్డను నీ కండ్లతోటి సూడు. సూసినంక గూడ తీస్కపోతనంటే నేను అడ్డం రాను."

ఆమె గొంగడి ఇంకో భుజానికి మార్చుకుంది. "సరే తియ్. సూస్త. సూసినంకనే మాట" అని వెళ్ళింది.

పిల్ల తలుపు వెనక ఉండి అంతా విన్నది. "టీచరమ్మా, మేం గెలిస్తె మా అమ్మ నన్ను ఉండనిస్తదా?" అని అడిగింది. "ఎందుకు ఉండనియ్యదే, నిన్ను సూసి మురిసిపోతది" అన్నాను. ఇంత ధైర్యంగా ఎట్లా అన్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పంటకూటాలంటే, వరికోతలయ్యాక చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా కొత్త వడ్లు, కోళ్ళు, గుమ్మడికాయలు తెచ్చి చర్చికిచ్చే పండుగ. మిషను పండుగే అయినా అన్ని కులాల వాళ్ళూ తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవారు. కోదాడలో చర్చి వెనక కోసిన వరిమడిలో ఆటకు గీతలు గీశారు. మేము బస్సులో మునగాల మీదుగా వెళ్ళాం. మునగాల పరగణా అప్పట్లో మద్రాసు వాళ్ళది. ఊరు దాటితే రాజ్యం దాటినట్టే అని పిల్లలకు ఒకటే సంబరం. మాతో పోటీకి మిర్యాలగూడ హాస్టలు పిల్లలు వచ్చారు. దొరసానమ్మ నెలకు రెండుసార్లు వెళ్ళి వాళ్ళకూ ఆట నేర్పింది. అయితే అక్కడ విజిల్ లేదు, చేతిగంటతో ఆడేవారు.

కోదాడ బడి హెడ్‌మిస్ట్రెస్ కృష్ణా నది అవతలి మనిషి. నన్ను పక్కకు పిలిచింది. "ఏవండీ, ఆడపిల్లలు ఇలా దొర్లుతుంటే చూడ్డానికి బావుంటుందంటారా? మా పిల్లలకి నేను కోలాటం నేర్పించానండీ. చక్కగా ఉంటుంది."

"జర సూడండమ్మా, మా పిల్లలు విజిల్ ఇంటే ఎట్ల పడతరో" అన్నాను.

మడి గట్ల మీద రెండు మూడు వందల మంది కూర్చున్నారు. మోతె వైపు నుంచి కూడా నాలుగు బండ్లు వచ్చాయి. గొర్రెల పిల్ల తల్లి అందరికంటే ముందు వరసలో, గొంగడి మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆట మొదలు కాకముందే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ముసలివాళ్ళు "కలికాలం" అంటున్నారు. అయినా ఒక్కరూ లేచి పోవడం లేదు.

బంతి మా పిల్ల చేతికొచ్చింది. కోసిన వరి మోళ్ళ మీద ఉత్త కాళ్ళతో దూసుకుపోయింది. ఇద్దరిని తప్పించుకుంది. మూడో ఆమె, దీనికి రెండింతలుంటుంది, ఎదురొచ్చి నడుము వాటేసుకుంది. ఇద్దరూ పడ్డారు. గట్ల మీద కేకలు, చప్పట్లు. తల్లి మోకాళ్ళ మీద లేచి నవ్వుతోంది. ఆమె నవ్వడం నేను అదే చూడటం. ఆ సంబరంలో, అందరికీ వినబడాలని, ఊపిరంతా బిగపట్టి విజిల్ ఊదాను.

మా పదకొండు మందీ బోర్లా పడ్డారు. నేను చిరునవ్వుతో గట్ల వైపు తిరిగాను.

గట్ల మీద ఒక్కరూ కూర్చుని లేరు. ముసలివాళ్ళు, ముసలమ్మలు, బాలింతలు, అందరూ నేల మీద బోర్లా పడి ఉన్నారు. ముఖం మట్టిలో పెట్టి, చేతులు ముందుకు చాపి. అచ్చం మా జట్టు పడ్డట్టే. తల్లులు చంటిపిల్లలను పొట్టల కింద వేసుకుని నోళ్ళు మూశారు. వెనక ఉన్న మగవాళ్ళు కొందరు నడుము వంచి కందిచేలోకి పరుగెత్తుతున్నారు. ఒక్క కేక లేదు. అంత మంది ఉన్న చోట ఒక్క పసిపిల్ల ఏడుపు లేదు. బండ్ల దగ్గర ఎడ్ల గంటలు మాత్రం వినబడుతున్నాయి. ఆ మడిలో నిలబడి ఉన్నది దొరసానమ్మ, హెడ్‌మిస్ట్రెస్, నోరు తెరిచిన మిర్యాలగూడ పిల్లలు కొందరు, విజిల్ నోట్లో పెట్టుకుని నేను.

పారిపోకుండా, పడుకోకుండా ఉన్న మనిషి ఇంకొక్కరే. గొర్రెల పిల్ల తల్లి. ఆమె వంగి వంగి పరుగెత్తుకుంటూ మడి మధ్యకు వచ్చి, గొంగడి పరిచి బిడ్డ మీద పడిపోయింది.

విజిల్ నోట్లోంచి జారిపోయింది. "ఏమి జరిగెను? వీరికేమి జరిగెను?" అని దొరసానమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది. నా కాళ్ళ దగ్గర గట్టు మీద ఒక ముసలాయన మెల్లగా తల ఎత్తాడు.

"పోయిన్రా?" అని గుసగుసగా అడిగాడు.

"ఎవరు తాతా?"

ఆయన నా మెడలో వేలాడుతున్న విజిల్ చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. "నువ్వా ఊదింది? ఆడపిల్లవు... నువ్వా?" అన్నాడు.

ఆ ముసలాయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను తల్లీబిడ్డల దగ్గరికి వెళ్ళాను. ఆమె లేచి కూర్చుంది. ముఖం నిండా మట్టి. నా జట్టు పిల్లలు ఇంకా వరసగా, నేను నేర్పినట్టే, నేల కరిచి ఉన్నారు. ఆమె వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"గిదా పంతులమ్మా, నా బిడ్డకు నేర్పుతున్నది? గిది మాకు ముందుగాల్నే నేర్పిన్రు."

అంతే అంది. పిల్ల చెయ్యి పట్టుకుని లేపి బండ్ల వైపు నడిపించుకుపోయింది. పిల్ల బంతి అక్కడే వదిలేసింది.

ఆట మళ్ళీ సాగలేదు. నేను గట్టు మీద కూలబడితే హెడ్‌మిస్ట్రెస్ మంచినీళ్ళు తెచ్చింది. దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. "మీకు తెలీదా అండీ? తుపాకులవాళ్ళు తెల్లారగట్ల ఊరు చుట్టుముట్టి విజిలేసేవారట. విజిలయ్యాక నిలబడి కనిపిస్తే కాల్చేయడమేనట. నిజాం మనుషులు పోతే మిలటరీ వాళ్ళు వచ్చారట. బట్టల రంగు మారిందిగానీ విజిల్ అదేనట" అంది.

"నాకెవరూ చెప్పలేదండీ."

"మీరు అడిగారా?"

ఆ నలుగురు పిల్లలు మొదటి రోజు మట్టిలో ముఖం పెట్టినప్పుడు ఎందుకు పడ్డారే అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మెచ్చుకోవడానికి తొందరపడ్డానుగానీ అడగడానికి తోచలేదు. దొరసానమ్మ తిరుగు ప్రయాణం పొడుగునా ఏడుస్తూనే ఉంది. "నేను ఉత్తరము వ్రాసితిని, క్రమశిక్షణ అని వ్రాసితిని" అని అదే మాట.

మూడో రోజు నేను మోతెకు వెళ్ళి, అక్కడి నుంచి నడిచి ఆ పల్లె చేరాను. తల్లి గొర్రెల దొడ్డిలో కూర్చుని ఒక గొర్రె కాలు ఒళ్ళో పెట్టుకుని గిట్టలో ముల్లు తీస్తోంది. నన్ను చూసి గొంగడి నా వైపు తోసింది. కూర్చున్నాను.

"అక్కా, నాకు తెల్వదు. తెల్సుకోకపోవుడే నా తప్పు. నన్ను తిట్టు, కొట్టు. పిల్ల సదువు మాత్రం ఆపకు."

ఆమె ముల్లు తీస్తూనే చెప్పింది. "గీ దొడ్లెనే పంతులమ్మా. తెల్లారలే ఇంక. విజిల్ ఊదిన్రు. అందరం పడ్డం. నేను, పిల్ల, మా ఆయన. గొర్లకేం ఎరుక విజిలంటె? బెదిరి ఒక పొట్టేలు దడి దుంకింది. ఆయన పడి ఉన్నోడు ఉన్నట్టే ఉంటే అయిపోతుండె. అలవాటు. పొట్టేలు పోతుంటె కాపరోడు పండుకోడు గద. ఎనక కాలు పడదామని లేసిండు."

అంతవరకే చెప్పి ఆమె మళ్ళీ గిట్ట మీదికి వంగింది. సూర్యాపేటలో ఆ పిల్ల వంగి మడమ పట్టినప్పుడల్లా నేను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి నా చేతులు నాకే పరాయివిగా అనిపించాయి.

పిల్ల ఎప్పుడొచ్చిందో దడి దగ్గర నిలబడి ఉంది. హాస్టల్లో ఇన్నాళ్ళూ మాట్లాడనన్ని మాటలు అప్పుడు మాట్లాడింది.

"అమ్మా, మొదటి దినం భయానికే పడ్డ. తెల్లారి నుంచి అందరు పడుడు మొదలు వెట్టిన్రు. సూర్యాపేట పోరీలు గూడ పడ్డరు. పడి నవ్విన్రు. ఇగ రోజు పడుడు, రోజు నవ్వుడు. విజిలింటె నాకిప్పుడు నవ్వొస్తది. మొన్న గూడ నవ్వుకుంటనే పడ్డ. నువ్వొచ్చి నా మీద పడ్డంకనే నాయిన యాదికొచ్చిండు." భయంభయంగా అడిగింది. "నాయినను మర్చిపోయిన్నా అమ్మా?"

ఆ తల్లి గిట్ట వదిలేసి బిడ్డను చూసింది. కొడుతుందేమో అనుకున్నాను. "మర్చిపో బిడ్డా. నువ్వు మర్చిపో" అంది.

ఆ పిల్ల నాతో వచ్చింది. పరీక్ష పాసైంది, నర్సు అయింది, నాకంటే పెద్ద జీతం తీసుకుంది. ఆట కూడా ఆగలేదు. దొరసానమ్మ ఉన్నన్నాళ్ళూ చప్పట్లు కొట్టి ఆపుతూ ఆడించాం. విజిల్ మాత్రం ఆమె తన చేతులతోనే బావిలో పారేసింది. మీరు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మీ పిల్లల్లో ఎవరైనా మరీ బుద్ధిగా కనబడితే మెచ్చుకోకండి. ముందు అడగండి.

ఆ రోజు ఆ దొడ్డిలో, పిల్ల సంచీ సర్దుకుని వచ్చేసరికి నేను లేచాను. తల్లే ముందు మాట్లాడింది.

"తీస్కపో. దానికి భయం పోయిందట. నాది పోలే. నాకు ఏ ఆట నేర్పుతవు పంతులమ్మా?"

గొర్రె కాలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని మిగిలిన ముల్లు వెతకసాగింది.